అసైలం వేస్తే ఈఏడీ వస్తుందన్న కన్సల్టెంట్ మాట, మీ చెల్లెలి అసలు కేసు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది ఎల్బీ నగర్. చెల్లెలు డాలస్‌లో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఎమ్మెస్ చదువుతోంది, వెళ్ళి తొమ్మిది నెలలైంది. తనతో చదివే అబ్బాయిని అక్కడే రిజిస్టర్ పెళ్ళి చేసుకుంది. ఆ అబ్బాయిది తక్కువ కులమని మీ పెదనాన్న, ఆయన కొడుకు ఫోన్లు చేసి చంపుతామంటున్నారు. ఉప్పల్‌లో ఉండే అబ్బాయి అమ్మానాన్నల ఇంటి మీదికి ఒకసారి వెళ్ళి గొడవ కూడా చేశారు. ఈలోగా ఒక కన్సల్టెంట్ "అసైలం (అమెరికాలో శరణు కోరే దరఖాస్తు) వేద్దాం, ఆరు నెలల్లో ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) చేతికొస్తుంది, స్టోరీ మేమే రాస్తాం, ఆరు వేల డాలర్లివ్వండి" అన్నాడు. వేయొచ్చా, వేస్తే హైదరాబాద్ నుంచి మీరేం పంపాలి అన్నది మీ ప్రశ్న.

మీ చెల్లెలి దగ్గర చెప్పుకోవడానికి నిజంగా జరిగిన విషయం ఉంది. అది గెలుస్తుందని నేను హామీ ఇవ్వలేను, కేసు కష్టమైనదే. కానీ ఉన్న కాస్త బలాన్నీ తుడిచిపెట్టేది ఆ కన్సల్టెంట్ రాసే స్టోరీయే. అందుకని ముందు అతని మాటల సంగతి చూద్దాం.

దరఖాస్తు ఫారం పేరు ఐ-589. అందులో చివరి భాగాల్లో పార్ట్ ఈ అని ఒకటుంటుంది. దరఖాస్తుదారు కాకుండా వేరేవాళ్ళు ఫారం నింపితే వాళ్ళు పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టాల్సిన చోటు అది. "పార్ట్ ఈలో మీరు సంతకం పెడతారా?" అని ఆ కన్సల్టెంట్‌ను ఒక్కమాట అడగండి. పెట్టనంటే అక్కడితో అతనితో మాటలు ఆపేయండి. ఇలాంటి కేసులో మీ తరఫున నిలబడే హక్కు లైసెన్సున్న అటార్నీకి, లేదా అమెరికా న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధికి మాత్రమే ఉంటుంది. అటార్నీ లైసెన్సు ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్ర బార్ (న్యాయవాదుల సంఘం) వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. డబ్బు ఇబ్బందైతే ఇమిగ్రేషన్ కోర్టుల వెబ్‌సైట్‌లో ఉచితంగా కేసులు చూసేవాళ్ళ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. కొన్ని లా స్కూళ్ళలో క్లినిక్‌లు కూడా ఈ కేసులు తీసుకుంటాయి.

ఈఏడీ మాట సగం నిజం. దరఖాస్తు వేసి 180 రోజులు నిండకుండా దాని ఆధారంగా వర్క్ పర్మిట్ ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. మనవైపు నుంచి వాయిదా అడిగినా, ఇంటర్వ్యూకి వెళ్ళకపోయినా ఆ లెక్క అక్కడే ఆగిపోతుంది. పైగా "ఇంటర్వ్యూ రావడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా పని చేసుకోవచ్చు" అనే లెక్క కూడా నమ్మదగింది కాదు. 2018 జనవరి నుంచి కొత్తగా వేసినవాటినే ముందు పిలిచే పద్ధతి తెచ్చారు. ఆ ఆశతో వేసినవాళ్ళు రెండు మూడు నెలలకే ఇంటర్వ్యూలో కూర్చుని, తాము రాయని స్టోరీని అప్పజెప్పాల్సి రావొచ్చు. ఇక ఫీజులు: 2025 జూలై చట్టంతో, అంతవరకు ఉచితంగా ఉన్న దరఖాస్తుకు 100 డాలర్లు పెట్టారు. పెండింగ్‌లో ఉన్న ప్రతి ఏడాదికీ మరో 100, మొదటి వర్క్ పర్మిట్‌కు 550. ఈ అంకెలు ఏటా పెంచుకునే వీలు చట్టంలోనే ఉంది కాబట్టి వేసేరోజు ఎంతుందో చూసుకోవాలి. 2025 నవంబర్ చివర్లో, ఈ దరఖాస్తులు చూసే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్, అసైలం నిర్ణయాలను నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. అది ఏ స్థితిలో ఉందో కూడా అదే రోజు అటార్నీని అడగాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇది. కావాలని కల్పించిన విషయంతో దరఖాస్తు వేసినట్టు తేలితే దాన్ని "ఫ్రివలస్" అంటారు. ఆ ముద్ర పడితే ఆ మనిషికి అమెరికా ఇమిగ్రేషన్‌లో ఏ ప్రయోజనమూ జీవితాంతం దక్కదు. రేపు హెచ్-1బీ ఉద్యోగ వీసా నుంచి గ్రీన్ కార్డుకి వెళ్ళే దారి కూడా మూసుకుపోతుంది. సంతకం పెట్టే పేజీలోనే ఈ హెచ్చరిక ఉంటుంది, "నాకు తెలీదు, ఏజెంట్ రాశాడు" అంటే చెల్లదు.

ఇప్పుడు అసలు కేసు. అసైలం అంటే అమెరికా గడ్డ మీద, లేదా సరిహద్దు దగ్గర ఉన్నవాళ్ళు అడిగే రక్షణ. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కి వెళ్ళి అడిగేది కాదు, కాబట్టి ఇక్కడున్న అబ్బాయి తల్లిదండ్రులకు ఈ దారి లేదు. 1951 శరణార్థుల ఒప్పందంలోని నిర్వచనాన్నే అమెరికా 1980లో తన చట్టంలో పెట్టుకుంది. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం అనే ఐదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల హింస జరిగిందని, లేదా జరుగుతుందనే భయం సహేతుకమైనదని చూపించాలి. ప్రమాదం నూటికి యాభై పాళ్ళు ఉండాలనేం లేదు. పదింట ఒక వంతు అవకాశమున్నా భయం సహేతుకం కావచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది.

కులాంతర వివాహాన్ని మామూలుగా ఐదో కారణం కిందే వాదిస్తారు. ఇక్కడ రెండు చోట్ల కేసులు పడిపోతాయి. ఒకటి, కొట్టేది ప్రభుత్వం కాదు, పెదనాన్న. ప్రైవేటు మనుషులు చేసే హింస అయితే, ప్రభుత్వం వాళ్ళని ఆపలేకపోయింది లేదా ఆపడానికి ఇష్టపడలేదు అని రుజువు చేయాలి. ఇలాంటి కేసుల మీద 2025లో వచ్చిన నిర్ణయాలు ఇంకా కఠినంగా ఉన్నాయి. రెండోది, "హైదరాబాద్‌లో భయమైతే పుణెలోనో బెంగళూరులోనో ఉండొచ్చు కదా?" అనే ప్రశ్న. భారతీయుల కేసుల్లో దాదాపు ప్రతి ఇంటర్వ్యూలో వస్తుంది. "ఇండియా మొత్తం ప్రమాదమే" అని జవాబు చెబితే అక్కడే నమ్మకం పోతుంది. పెదనాన్న వ్యాపారం ఏ ఊళ్ళలో ఉంది, పార్టీలోనో పోలీసుల్లోనో ఆయన మనుషులెవరు, ఇంతకుముందు ఎవరినైనా వేరే రాష్ట్రంలో వెతికి పట్టుకున్నారా, ఇద్దరిలో ఎవరికైనా అక్కడ బతికే ఆధారం ఉందా, ఇవి ఒక్కొక్కటీ చెప్పగలగాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే, అటార్నీ దగ్గర ముందే ఆ మాట ఒప్పుకోవడం మేలు.

చాలామంది 2018 మిర్యాలగూడ హత్యనూ, మీకు దగ్గర్లోని సరూర్‌నగర్‌లో 2022 మేలో జరిగిన హత్యనూ వార్తా కత్తిరింపులుగా పెట్టి ఊరుకుంటారు. పెట్టండి, ఇలాంటివి ఇక్కడ జరుగుతాయని అవి చూపిస్తాయి. కానీ మిర్యాలగూడ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. "చూశారా, ప్రభుత్వం శిక్షిస్తోంది కదా" అని ఆఫీసర్ ఆ తీర్పునే ఎత్తి చూపొచ్చు. దానికి జవాబు సిద్ధం చేసుకోకుండా ఆ కాగితం పెట్టకూడదు. శిక్ష పడింది హత్య జరిగాక, ఆరున్నరేళ్ళకు. చావకముందు ఆపడం గురించే మీ చెల్లెలి ప్రశ్న. 2018లోనే మన సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో ఇలాంటి జంటల కోసం జిల్లాల్లో ప్రత్యేక సెల్‌లు పెట్టాలని ఆదేశించింది, సేఫ్ హౌస్‌ల ఏర్పాటునూ పరిశీలించమంది. మీ జిల్లాలో అవి నిజంగా ఉన్నాయా అని ఆర్టీఐ దరఖాస్తు వేస్తే, ఏ జవాబొచ్చినా అది సాక్ష్యమే.

ఇక మీరు చేయాల్సినవి. అబ్బాయి తల్లిదండ్రుల ఇంటి మీదికి వచ్చిన సంగతి పోలీసులకు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఇప్పుడైనా, ఉన్నది ఉన్నట్టుగా, వాళ్ళచేతే ఇప్పించండి. ఇది వాళ్ళ ప్రాణాల కోసం. అసైలం కాగితం కోసమని పెంచి రాయిస్తే రెండు చోట్లా దెబ్బతింటారు. ఇంట్లోకి చొరబడటానికి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 329, బెదిరింపుకి 351 సెక్షన్లు వస్తాయి. అబ్బాయి ఎస్సీ అయితే ఫిర్యాదులో ఆ మాటా, కులం పేరుతో తిట్టిన మాటా ఉండి తీరాలి, అప్పుడు అట్రాసిటీ చట్టం వర్తించవచ్చు, దర్యాప్తు కూడా ఏసీపీ స్థాయికి వెళ్తుంది. ఎఫ్‌ఐఆర్ కట్టితే ఫిర్యాదుదారుకి నకలు ఉచితంగా ఇవ్వాలి. "ఇంటి గొడవ, కూర్చుని మాట్లాడుకోండి" అని కౌన్సెలింగ్ చేసి పంపేస్తే, కనీసం జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ నంబరు అడిగి రాసుకోండి. అదీ ఇవ్వకపోతే అదే ఫిర్యాదును డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదూ డెలివరీ రిపోర్టూ దాచండి. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173(4) ఆ దారి ఇస్తోంది. పోలీసులు పట్టించుకోలేదని నోటితో చెప్పే పది మాటలకంటే ఆ రసీదు ఎక్కువ పనిచేస్తుంది. అసలు ఎందుకు స్టేషన్‌కి వెళ్ళలేదు అన్నదానికి నిజమైన కారణం ఉంటే అదీ రాయొచ్చు. వెళ్ళకపోవడం తప్పేమీ కాదు, కారణం చెప్పకపోతేనే అడుగుతారు.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయన్నారు. వాటిని ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డ్ చేస్తే ఎవరు ఎప్పుడు పంపారో చూపించడం కష్టమవుతుంది. మొదట వచ్చిన ఫోన్‌లో నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. ఆ తర్వాత ప్రతి మెసేజ్‌నీ విన్నది విన్నట్టు తెలుగులో రాసి, దాని పక్కన ఇంగ్లీషు అనువాదం పెట్టాలి.

అనువాదం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, మన తెలుగు కేసులు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఆ మెసేజ్‌లో "ఆ తక్కువ కులపోడితో కాపురం చేస్తావా, ఇద్దరినీ నరికేస్తాం" అని ఉందనుకోండి. అనువదించేవాళ్ళకి ఆ మాట రాయడానికి మొహమాటం. "లో క్లాస్ ఫెలో" అనో, "దట్ బాయ్" అనో మెత్తగా రాసేస్తారు. అక్కడితో కులం పోయింది. చంపుతామన్నది కులం వల్లే అని చూపించే ఒకే ఒక్క మాట అది. ఐదు కారణాల్లో ఒకటి ఈ హింసకి కనీసం ఒక ముఖ్య కారణమని నిరూపించాల్సిన బాధ్యత మనదే, ఆ నిరూపణ ఆ పదంలోనే ఉంది. తిట్టుని తెలుగు ఉచ్చారణతో అలాగే ఉంచి, పక్కన దాని అర్థం, ఏ కులాన్ని ఉద్దేశించి ఎవరు వాడతారో వివరించాలి.

బంధుత్వాలు ఇంకో గొయ్యి. మనం పెదనాన్న కొడుకుని అన్నయ్య అనే పిలుస్తాం. వాంగ్మూలంలో "మై బ్రదర్ థ్రెటెన్డ్ మీ" అని పడుతుంది. ఐ-589లో తోబుట్టువుల పేర్లు రాసే చోట మీ ఒక్కరి పేరే ఉంటుంది. ఇంటర్వ్యూలో ఆఫీసర్ అడుగుతాడు: మీ అన్నయ్య బెదిరించాడన్నారు, మరి మీకు సహాయంగా వాంగ్మూలం ఇచ్చిందీ ఆ అన్నయ్యేనా? తడబడితే అబద్ధమని రాసుకుంటారు. పెదనాన్న, బాబాయ్, మేనమామ ముగ్గురూ "అంకుల్" అయిపోతారు, బావ అంటే ఎవరో తెలీదు. ప్రతి మనిషికీ మొదటిసారి వచ్చినప్పుడే పూర్తి పేరు, "నాన్నగారి పెద్దన్న" అని బంధుత్వం విడమర్చి రాసి, చివరిదాకా అదే పేరు వాడాలి. తేదీలూ అంతే. మన ఎఫ్‌ఐఆర్‌లో 05-06 అంటే జూన్ ఐదు, వాళ్ళకి మే ఆరు. నెలను అక్షరాల్లో రాయండి. ఎస్సెస్సీ మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందూ వెనకా అయి ఉంటే ముగ్గురూ ఒకరేనని ఒక పేరాలో చెప్పేయాలి.

ప్రతి అనువాదం కింద, అనువదించినవాళ్ళు తమకు తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చని, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని ధ్రువీకరిస్తూ పేరు, సంతకం, తేదీ, అడ్రసు పెట్టాలి. ఇంతే. ప్రభుత్వ అనువాదకులే కావాలని లేదు, నోటరీ అక్కర్లేదు. కానీ అది మీరు చేయొద్దు, సాక్షి మీరే కాబట్టి.

మీరూ, అబ్బాయి తల్లిదండ్రులూ ఇచ్చే వాంగ్మూలాల్లో స్వయంగా చూసిందీ విన్నదీ మాత్రమే ఉండాలి. "మా ప్రాణాలకు ముప్పు ఉంది" అన్న వాక్యం ఎవరైనా రాయగలరు. ఇలా ఉండాలి: ఏ రోజు, ఎన్ని గంటలకు, మనుషులు ఎందరు, ఏ బండి మీద వచ్చారు, గేటు ఎవరు తీశారు, మొదట ఏ మాట అన్నారు, పక్కింటి నుంచి ఎవరు బయటికొచ్చారు, ఎంతసేపటికి వెళ్ళారు, మీరు ఆ తర్వాత ఏం చేశారు. గుర్తులేని సమయానికి "సాయంత్రం, టైం గుర్తులేదు" అని రాయడమే సరి. ముగ్గురి వాంగ్మూలాలూ ఒకే వాక్యాలతో వస్తే ఒకరే టైప్ చేశారని తెలిసిపోతుంది. ఎవరి మాటల్లో వాళ్ళని చెప్పనివ్వండి. నోటరీ ముద్ర వేయిస్తే నష్టం లేదు, గుర్తింపు కార్డు నకలు మాత్రం తప్పక జతచేయండి.

గడువు విషయం. అమెరికాలో ఆఖరిసారి దిగిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేరాలి. అంటే మూడు నెలలుంది. ఎఫ్-1 లాంటి చెల్లుబాటయ్యే స్టేటస్‌లో ఉన్నంతకాలం ఆలస్యానికి మినహాయింపు దొరికే అవకాశం నియమాల్లో ఉంది. దాన్ని నమ్ముకుని కూర్చోవడం కంటే ఏడాదిలోపు వేయడమే క్షేమం. అలాగని మూడు నెలలుంది కదా అని అటార్నీని రెండో నెలలో కలిస్తే, మంచివాళ్ళు ఒప్పుకోరు. ఈ వారమే కలవమనండి. అబ్బాయికీ భయం ఉంది కాబట్టి ఇద్దరూ విడివిడిగా వేసి, ఒకరి కేసులో ఇంకొకరి పేరు చేర్చుకోవచ్చా అని అడగమనండి. ఒకటి పోయినా ఇంకోటి నిలిచే అవకాశం ఉంటుంది.

చదువు మానేయమనే సలహా ఎవరిచ్చినా వినొద్దు. దరఖాస్తు వేసినంతమాత్రాన ఎఫ్-1 పోదు. క్లాసులకు వెళ్తూ, తర్వాత 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సయితే ఇంకో 24 నెలలు వాడుకోవచ్చు. ఇది ఎందుకు ముఖ్యమంటే, స్టేటస్ ఉన్నప్పుడు అసైలం ఆఫీసర్ కాదంటే, కాదన్న కాగితం వస్తుంది, ఆమె స్టేటస్ ఆమెకుంటుంది. స్టేటస్ లేనప్పుడు కాదంటే కేసు ఇమిగ్రేషన్ జడ్జి ముందుకి, అంటే దేశం నుంచి పంపేసే విచారణలోకి వెళ్తుంది. ఒక నష్టం మాత్రం తప్పదు. అసైలం అడిగాక ఎఫ్-1 వీసా మళ్ళీ స్టాంప్ చేయించుకోవడం చాలా కష్టం, తిరిగి వెళ్ళే ఉద్దేశం లేదని తనే చెప్పినట్టవుతుంది.

ఇంటికి రావడం గురించి మీ అమ్మగారికి ముందే చెప్పండి. కేసు నడుస్తుండగా ముందస్తు అనుమతి లేకుండా అమెరికా దాటితే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. అనుమతి ఉన్నా ఇండియాకే వస్తే, భయపడుతున్న దేశానికే వెళ్ళావు కదా అంటారు. అసైలం వచ్చాక కూడా ఇదే చిక్కు. శరణార్థి ట్రావెల్ డాక్యుమెంట్‌తో మిమ్మల్ని వేరే దేశంలో కలవొచ్చు, ఎల్బీ నగర్ రాలేదు. ఏళ్ళ తరబడి ఉండే విషయం ఇది. ఆ అమ్మాయి దీన్ని తెలిసి ఒప్పుకోవాలి, మనం నిర్ణయించేది కాదు.

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాకపోతే దుభాషిని మనమే తీసుకెళ్ళాలి. పద్ధెనిమిదేళ్ళు నిండి ఉండాలి, అటార్నీ గానీ సాక్షి గానీ కాకూడదు. మీ చెల్లెలు ఎమ్మెస్ చదువుతున్నా, చంపుతామన్న మాటల్ని తెలుగులో చెప్పడమే సులువనుకుంటే సిగ్గుపడక్కర్లేదు.

దరఖాస్తులో రాసిన సంగతుల్ని భారత ప్రభుత్వానికి చెప్పకూడదని అమెరికా నియమాల్లో ఉంది. బయటికి పొక్కేది అటునుంచి కాదు, మన ఫ్యామిలీ గ్రూపుల నుంచే. పెదనాన్న కొడుకు ఉన్న ఏ గ్రూపులోనైనా చెల్లెలి అపార్ట్‌మెంట్ ఫొటో, అడ్రసు పడి ఉంటే, డిలీట్ చేసినా చూసినవాళ్ళు చూసేశారు. ఇల్లు మారడం మంచిది. మారితే పది రోజుల్లో అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11లో కొత్త అడ్రసు తెలియజేయాలి, అటార్నీకీ చెప్పాలి. పాత ఇంటి లెటర్‌బాక్సులో పడిన ఇంటర్వ్యూ నోటీసు చూడలేదంటే, ఆ గైర్హాజరు ఆమె ఖాతాలోనే పడుతుంది.